గూటి మూతి

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు తనదేనంటూ ఓ కొంగ గిజిగాళ్లకు తలా ఓ కొమ్మ ఇచ్చింది. "ఎవరి గూడు వాళ్లు అల్లుకోండి. నోరెత్తితే నా చేపలు బెదురుతాయి. మాట్లాడినవాడు చెట్టు దిగాల్సిందే!" అంది.

ఈరిగాడనే గిజిగాడు నోరు మూసుకుని గడ్డి అల్లుతున్నాడు. పక్క కొమ్మమీద సోమిగాడు పరధ్యానంగా తన గూటి మూతిని ఆకాశంకేసి పెడుతున్నాడు. వానొస్తే గూడు కుండలా నిండుతుంది, పిల్లలు మునిగిపోతారు. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. ఈరిగాడికి ఒళ్లు మండింది.

"ఒరే సోమిగా, మూతి కిందికి తిప్పరా!" అని చెట్టు దద్దరిల్లేలా అరిచాడు.

"మాట్లాడావు. దిగు!" అంది కొంగ.

"దిగుతా! కిందికి దించాల్సింది గూటి మూతి. మా మూతులెందుకు దించుకోవాలి?"

ఈరిగాడు ఎగిరాడు. వెనకే సోమిగాడు, ఆ వెనక గిజిగాళ్లంతా కిచకిచమంటూ అవతలి గట్టుమీది ఈతచెట్టుకు ఎగిరిపోయారు.

కొంగకు కోరుకున్న నిశ్శబ్దం చెట్టునిండా మిగిలింది.