సవరణ మీద సవరణ

"నీ తీర్మానం ఓడిపోతుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పరువుగా వెనక్కి తీసుకుని ఇంటికి పోవే!" విద్యార్థి సంఘం అధ్యక్షుడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి చెల్లెలితో గుసగుసలాడాడు.

"సభలో 'పోవే' అనకూడదు అధ్యక్షా. 'గౌరవనీయ సభ్యురాలు' అనాలి. మీరు రాసిన రూలే," అంది చెల్లెలు. ఆమె మాత్రం మైకులోనే అంది.

సభ్యులు గొల్లున నవ్వారు. అన్నగారు బల్ల మీద ఠపీమని కొట్టాడు.

నిజానికి తీర్మానం చాలా చిన్నది. కాలేజీ రీడింగ్ రూమును ఆరింటికి కాకుండా తొమ్మిదింటికి మూయాలి, అంతే. పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. హాస్టల్లో గదికి అరడజను మంది, ఇళ్లల్లో టీవీల మోత. కూర్చుని చదువుకునే చోటు లేక జూనియర్లు మెట్ల మీదా, సైకిల్ షెడ్డులోనూ పుస్తకాలు పట్టుకు తిరుగుతుంటే చెల్లెలికి కడుపు రగిలిపోయింది. కానీ 'ఈ ఏడాది మావాళ్ల గొంతెమ్మ కోరికలు మీ దాకా రానివ్వనండీ' అని అన్నగారు ప్రిన్సిపాల్‌కి ముందే మాటిచ్చేశాడు. సభ్యుల్లో ముప్పాతికమంది ఆయన జట్టే. ఇక గెలుపు మాటెక్కడ?

అయినా సభ పెట్టక తప్పలేదు. ఏ సభ్యుడు తీర్మానం ఇచ్చినా మర్నాటి సాయంత్రమే చర్చ జరగాలన్నది నియమావళి. అది కూడా అన్నగారు సెలవుల్లో కూర్చుని, కమ్మగా రాసుకున్నదే. సంఘానికి సొంత గది లేదు కాబట్టి సభ జరిగేదీ ఆ రీడింగ్ రూములోనే.

ఆరయ్యేసరికి వాచ్‌మన్ తాళాలగుత్తి ఆడించుకుంటూ వచ్చాడు. "మూసేసే టైమైంది బాబూ."

"సభ నడుస్తుండగా తలుపులు మూయకూడదు. ఎవరొచ్చి విన్నా కాదనకూడదు. రూల్ రూలే," అన్నాడు అధ్యక్షుడు దర్జాగా. వాచ్‌మన్ నిట్టూర్చి గుమ్మం పక్కన స్టూలు లాక్కున్నాడు.

"ఇక చర్చ చాలు. ఓటింగు."

"ఒక్క సవరణ అధ్యక్షా," చెల్లెలు లేచింది. "'రీడింగ్ రూము' అన్నచోట 'ఫ్యాన్లు తిరుగుతున్న రీడింగ్ రూము' అని చేర్చాలి."

"బలపరుస్తున్నాను," అన్నాడు పక్కనున్న పొడుగాటి కుర్రాడు, ఆమె మాట పూర్తవకముందే. అతని పేరు అందరూ మర్చిపోయి చాలాకాలమైంది. కాలేజీకంతటికీ అతను 'నిచ్చెన'.

సవరణ వచ్చాక ముందు దాని సంగతే తేల్చాలి. వద్దనేవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఎందుకు వద్దో చెప్పాలి. అదీ అన్నగారి రూలే. అధ్యక్షుడి జట్టు లేచింది. ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఒకరు, తిరక్కపోతే దోమలు కుడతాయి గానీ అది వేరే సంగతని ఇంకొకరు, ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నానని మూడోవాడు. తీరా ఓట్లేస్తే సవరణ వీగిపోయింది.

"ఇంకో సవరణ అధ్యక్షా. 'ఆదివారాలు సహా' అని చేర్చాలి."

"బలపరుస్తున్నాను," అన్నాడు నిచ్చెన ఆవలిస్తూ.

ఈలోపు వెనక బెంచీలు ఒక్కొక్కటే నిండాయి. ఎప్పుడూ ఈగలు తోలుకునే సభకి ఇంతమంది వస్తారని అధ్యక్షుడు కలలో కూడా అనుకోలేదు. ఈలల్లేవు, కేకల్లేవు. గుండుసూది పడితే వినిపించేంత నిశ్శబ్దం.

"నీ మాటలకి మంత్రం వేసినట్టు ఉండిపోయారన్నా," చెవిలో ఊదాడు కార్యదర్శి.

అంతే, అన్నగారికి పూనకం వచ్చింది. ఆదివారం విశ్రాంతి ఎంత అవసరమో మొదలుపెట్టి, శరీర దారుఢ్యం మీదుగా ప్రపంచశాంతి దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి మళ్లీ ఆదివారం దగ్గరికొచ్చాడు. చెల్లెలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బుద్ధిగా విన్నది. ఆయన కూర్చోగానే మళ్లీ లేచింది. బెంచీల గురించి ఒక సవరణ, మంచినీళ్ల గురించి ఒకటి, చివరికి చెప్పులు లోపల విప్పాలా బయట విప్పాలా అని ఇంకొకటి. అన్నీ వరసగా మట్టికరిచాయి. సభ్యుల కడుపులో ఎలుకలు పరుగెత్తసాగాయి.

"ఇంకా ఏమైనా సవరణలు ఏడ్చాయా?" అన్నాడు అధ్యక్షుడు, మర్యాద మర్చిపోయి.

చెల్లెలు గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిది దాటింది.

"లేవు అధ్యక్షా. ఓటింగు పెట్టండి."

చేతులు లేచాయి. తీర్మానం చిత్తుగా ఓడిపోయింది. సభ ముగిసిందని ప్రకటించి అన్నగారు విజయగర్వంతో వేదిక దిగాడు.

"చూశావా? సాయంత్రమంతా గింజుకున్నావు. నీకు గొంతు నొప్పి, మాకు ఆకలి. ఓడిన తీర్మానం మళ్లీ ఈ ఏడాదిలో పెట్టకూడదు, గుర్తుందిగా?"

"ఉందన్నయ్యా. మంచి రూలు."

"ఓడిపోయి కూడా ఆ నవ్వేమిటే? ఏం సాధించావని?"

ఆమె జవాబు చెప్పేలోపే వెనక బెంచీలోంచి ఒక జూనియర్ పిల్ల గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అందరికీ ఫిజిక్స్ అయిపోయింది గానీ కెమిస్ట్రీ ఇంకా ముట్టుకోలేదు. రేపు సాయంత్రానికి ఇంకేదైనా తీర్మానం పెట్టవా?"