అంగుళం గారి బ్యాగు

నా రాతలో ఒత్తులు తప్పిపోతే మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒక్కో మాట రాసి, చెరిపి, మళ్ళీ రాసేసరికి పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. అందుకని డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాను.

“ఇరవై నాలుగు! పెట్టెయ్ అక్కడ!” అన్నారు అంగుళం గారు.

బ్యాగుల షాపులో అప్పటికే నేల కనపడటం లేదు. వీపుకి తగిలించుకునే బ్యాగులు పదకొండు, జిప్పులు తెరుచుకుని పడి ఉన్నాయి. ఆయన గోదాములో ముప్పై ఏళ్ళు సరుకు కొలిచి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ అంగుళం గారు. భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే టైలరమ్మ. ఇద్దరూ కలిసి ఆర్నెల్లు దేశాలు తిరగబోతున్నారు. విమానం కింది అరలో వేసిన సామాను ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి తలా ఒక్కటే బ్యాగు, అదీ తమతో పాటు విమానం లోపలికి రావాలి అన్నది ఆయన శాసనం. విమానం వాళ్ళు పెట్టిన హద్దు ఇరవై రెండు అంగుళాల పొడవు.

టైలరమ్మ మాత్రం ఎర్ర బ్యాగుని వదలడం లేదు. అందులో అయితే ఆవిడ బొంత పడుతుంది. తన చేత్తో కుట్టుకున్న ఆ బొంత కప్పుకోకపోతే ఆవిడకి కన్ను మూతపడదు.

“సార్, దానికి ఇరవై రెండని చీటీ మీద రాసే ఉంది కదా” అన్నాడు షాపాయన.

“రాసేది మీరే, అమ్మేది మీరే.”

“పోనీ, నా స్టీలు టేపుతో చూడండి.”

“మీ సరుకు మీ టేపుతోనే కొలవాలా? బాగుందయ్యా వరస! ఇది మా ఆవిడ టేపు. పదేళ్ళుగా ఇంట్లో ఉంది. ఏమే, చివర గట్టిగా పట్టుకో.”

ఆవిడ టేపు చివరని బొటనవేలి కింద అదిమి పట్టుకుంది. ఆయన రెండో వైపు లాగి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

“మళ్ళీ ఇరవై నాలుగే!”

షాపాయన ఆవిడ బొటనవేలి వంక చూశాడు. ఆవిడ అతని వంక చూసింది. అతనికి ఎందుకో పొలమారింది. నీళ్ళు తాగొస్తానని వెనక గదిలోకి పోయాడు.

“ఇందులో బొంత పడుతుందండీ” అంది టైలరమ్మ.

“బొంత పడుతుంది, బ్యాగే విమానంలో పట్టదు! కొలతల సంగతి నీకేం తెలుసు? మొన్న ఎదురింటి నర్సమ్మ చొక్కాకి టేపు మీద ముప్పై ఆరుంటే పుస్తకంలో ముప్పై నాలుగు రాశావు. కళ్ళారా చూశా.”

“చొక్కా సరిపోయిందా లేదా?”

“అది నీ అదృష్టం. కొలతంటే నాది. మన పడకగది కిటికీ రెక్క ఏడాది పాటు టకటకలాడిందా? నీ కుట్టుపెట్టెలోంచి వేలాడుతున్న పట్టీ ముక్కేదో కత్తిరించి, మడిచి సందులో దూర్చా. మళ్ళీ కిక్కురుమందా?”

“లేదండీ. ఆ పని మీరే చేశారు. కాదన్నానా?”

చివరికి ఆయన, టేపు మీద సరిగ్గా ఇరవై రెండు చూపించిన నల్ల బ్యాగు కొనుక్కున్నారు. టైలరమ్మ ఎర్రదే చంకన పెట్టుకుంది.

“గేటు దగ్గర ఆపితే నీ బొంతని నీ చేత్తోనే చెత్తబుట్టలో వేస్తావా?”

“వేస్తా. ఆపకపోతే?”

“ఆర్నెల్లూ నీ బ్యాగు కూడా నేనే మోస్తా!”

“షాపాయన సాక్షి” అందావిడ. వెనక గదిలోంచి మళ్ళీ దగ్గు వినిపించింది.

ప్రయాణం రోజు పొద్దున నల్ల బ్యాగులో ఆయన స్వెట్టరు పట్టలేదు. “మగాడికి చలేమిటి?” అని దాన్ని కుర్చీ మీదే వదిలేశారు.

విమానం ఎక్కే గేటు దగ్గర ఒక ఇనుప చట్రం ఉంది. అందులో దిగిన బ్యాగే లోపలికి పోతుంది. అక్కడ నిలబడ్డ అమ్మాయి ఎర్ర బ్యాగుని చూసి, “అమ్మా, ఒకసారి ఇందులో పెట్టండి” అంది. అంగుళం గారు మీసం దువ్వుకున్నారు. చెత్తబుట్ట ఎక్కడుందో కూడా చూసిపెట్టుకున్నారు.

ఎర్ర బ్యాగు చట్రంలోకి అచ్చు గుద్దినట్టు దిగింది. ఆయన నల్ల బ్యాగు పెడితే, పైన రెండంగుళాల ఖాళీ మిగిలి లోపల అటూ ఇటూ ఊగింది.

“ఈ చట్రమే తప్పు!” అని ఆయన జేబులోంచి టేపు లాగారు. “ఏమే, చివర పట్టుకో. చూడమ్మాయ్, ఇరవై నాలుగు! మీ చట్రం రెండంగుళాలు పెద్దది!”

వెనక వరసలో వాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. టైలరమ్మ తాపీగా బొటనవేలు తీసింది. గేటు అమ్మాయి వంగి టేపు చివర చూసింది.

“సార్, మీ టేపు మూడుతో మొదలవుతోందేమిటి? ఒకటీ రెండూ ఏవి?”

ఆయన టేపుని కళ్ళకి ఆనించుకుని చూశారు. నిజమే. రెండు దాటగానే ఎవరో కత్తెరతో నున్నగా కత్తిరించేశారు.

“అంటే... నర్సమ్మ చొక్కా...”

“రెండు తీసేసి రాసుకుంటానండీ. ఐదేళ్ళుగా అదే అలవాటు.”

“మంచి టేపుని పాడుచేశాడే! ఏ బుద్ధి లేని వెధవ కత్తిరించాడు దీన్ని?” అని గేటంతా దద్దరిల్లేలా అరిచారు అంగుళం గారు.

టైలరమ్మ ఎర్ర బ్యాగు తీసి ఆయన భుజానికి తగిలించి, పట్టీ సరిచేస్తూ చెవిలో అంది:

“ఇంటికి తిరిగొచ్చాక మన పడకగది కిటికీ సందులో చూడండి, తెలుస్తుంది.”

— అందరూ పెద్దక్క అని పిలిచే నేను, డెబ్భై ఒక్కేళ్ళు, ప్రస్తుతం చిన్న కూతురింట్లో, మేడ మీది గదిలో.