రెండో గొంతు

కల్పన సోమందేపల్లిలో ధర్మవరం బస్సు ఎక్కింది.

చేతిలో పుస్తకం. రాకెట్లు ఎగరేసిన ఆడవాళ్లు తమ కథలు తామే చెప్పుకున్న పుస్తకం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లూ కలిసి నెలరోజులుగా అదే చదువుతున్నాయి. వీధి అరుగుల మీద, మగ్గాల దగ్గర, గార్మెంట్ ఫ్యాక్టరీలో అన్నం తినే వేళ, ఒకరు చదివితే పదిమంది వింటున్నారు. ఈ రోజు ధర్మవరంలో ముగింపు సభ. చివరి కథ చదవాల్సింది కల్పన.

కల్పనకేమో నత్తి.

చిన్నప్పుడు అవ్వ నాలుక మీద వస రాసీ రాసీ విసిగిపోయింది. వసపిట్ట కాలేదు సరికదా, పేరడిగితే "క" దగ్గరే సగం పొద్దు గడిచిపోయేది. అయినా చదువుతానని పేరిచ్చింది. ఫ్యాక్టరీలో పక్క మిషన్ మీద కుట్టే పుష్పావతి నవ్వినందుకు, పంతానికి ఇచ్చింది.

సభ జరిపే ఉమేష్ సార్ మంచివాడు, కాదనలేదు. ఎక్కడైనా ఆగితే మిగతాది పుష్పావతి చదువుతుందిలే అని మెల్లగా చెప్పాడు. ఆ మెల్లగా చెప్పడమే కల్పనకు ముల్లులా గుచ్చుకుంది. ఈ రోజు గానీ ఆగిపోతే ఇక జన్మలో నలుగురిలో నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకుంది.

బస్సులో కిటికీ పక్కన ఒక పెద్దామె కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, నూలు చీర. యాడికి పోతాండారమ్మా అని కల్పన పలకరించింది. ఆమె చేత్తో ముందుకు చూపించి, కిటికీ వైపు తిరిగిపోయింది.

అబ్బో, ఎంత బిగువో అనుకుంది కల్పన.

పుస్తకం తెరిచి గొణుక్కుంటూ మొదలుపెట్టింది. మొదటి మాటే అడ్డం పడింది. ముందు సీట్లో వాళ్లు వెనక్కి తిరిగారు. నవ్వు ఆపుకోవాలనే చూశారు పాపం, వాళ్ల వల్ల కాలేదు.

పెద్దామె ఇటు తిరిగింది. ఆమె నవ్వలేదు.

"చె... చెక్కభజనలో మాత్రం నత్తి రాదమ్మా," అంది కల్పన, ఎందుకు చెబుతోందో తనకే తెలియకుండా. "మా నాయన జట్టులో పాడతా. అందరితో పాటు పాడితే యాడా ఆగదు."

ఆమె వేలి ఉంగరంతో సీటు కమ్మీ మీద తాళం వేసింది. టక్ టక్, టక్. కల్పన వైపు చూసి తల ఊపింది. ఇద్దరూ కలిసి లోగొంతుకలో మొదలుపెట్టారు.

అంతే, మాట వెన్నలా జారిపోయింది.

పెనుకొండ దాటేలోపు కథ రెండుసార్లు చదివారు. ఆమె పుస్తకంలోకి తొంగి కూడా చూడలేదు. ఈమె కూడా సభకే వస్తోందని, ఏ ఊళ్లోనో ఈ కథ చదవడానికి బట్టీ పట్టి ఉంటుందని కల్పన అనుకుంది. ధర్మవరంలో దిగేటప్పుడు గట్టిగానే చెప్పింది.

"సభలో మాత్రం మీరు నోరు తెరవొద్దమ్మా. నేనొక్కదాన్నే చదవల్ల."

ఆమె చిన్నగా నవ్వి, సరేనని తల ఊపింది.

హాలు నిండిపోయింది. పెద్దామె వెనక వరుసలో ఇనుప కుర్చీలో కూర్చుంది. కల్పన మైకు ముందుకొచ్చి చదవసాగింది. సగం కథ బాగానే సాగింది. రాకెట్ లేచింది, గదిలో అందరూ చప్పట్లు కొట్టారు అనేదాకా వచ్చింది. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది.

"నే... నే..."

పుష్పావతి పుస్తకం తీసుకుని లేచింది. ఉమేష్ సార్ మైకు వైపు అడుగు వేశాడు. కల్పన కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక నుంచి ఇనుప కుర్చీ మీద టక్ టక్, టక్.

అయినా మాట రాలేదు. తాళం ఆగింది. పెద్దామె లేచి నిలబడింది. హాలంతా వినపడేలా గొంతు విప్పింది. ఆ గొంతు పట్టుకుని కల్పన గొంతూ లేచింది.

"నేను ఎక్కువ మాట్లాడినదాన్ని కాదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రాకెట్టే చెప్పింది."

వాక్యం తర్వాత వాక్యం. ఆ రెండో గొంతు ఎప్పుడు ఆగిందో కల్పనకు తెలియదు. చివరి పేజీకి వచ్చాక చూసుకుంటే ఒక్కతే చదువుతోంది.

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఎవరో అందిస్తే చదివిందిలే అని ఒకరిద్దరు అనకపోలేదు. ఆ మాట చెవిన పడి, వద్దన్నా ఎందుకు నోరు తెరిచారని పెద్దామెను అడగాలని, అడిగి కాళ్లు పట్టుకోవాలని కల్పన వెనక వరుసకు పరిగెత్తింది. కుర్చీ ఖాళీ. ఆమె హిందూపురం బస్సు ఎక్కి వెళ్లిపోయిందని ఉమేష్ సార్ చెప్పాడు.

"ఆమెనే కదమ్మా నువ్వు చదివిన కథ రాసిన ఉమాదేవి మేడం. ముఖ్య అతిథిగా రమ్మంటే, వస్తుంది గానీ స్టేజీ ఎక్కదు, మాట్లాడదు అని ఈ ఊళ్లోనే ఉండే వాళ్ల తమ్ముడు ముందే చెప్పినాడు."

కల్పనకు తల కొట్టేసినట్లయింది. కథ రాసినామెనే నోరు తెరవొద్దంది తను.

"అంత గర్వమా సార్ ఆమెకు?" అని అడిగింది పక్కనే ఉన్న పుష్పావతి.

"గర్వం కాదమ్మా," అన్నాడు ఉమేష్ సార్. "ఆమెకూ నత్తేనంట. మా అక్క నలుగురిలో గొంతెత్తింది పుట్టి బుద్ధెరిగినాక ఈ పొద్దే అని, ఆ తమ్ముడు ఇంతసేపూ ఈడ్నే నిలబడి ఏడ్చినాడు."