మూడు వారాల సూది

కోరుట్లలో తెలంగాణ దీక్షా శిబిరం ముందు నుంచి ఆస్పత్రికి వెళ్తున్న కూతుర్ని, లోపల దీక్షలో కూర్చున్న కరీం ఆపాడు.

"నాహీద్, ఇప్పుడు జ్వరం లేదు, కీళ్లనొప్పుల్లేవు. మూడు వారాలకోసారి గా పెన్సిలిన్ సూది ఎందుకు బిడ్డా? ఏసిన్నాడల్లా కుంటుతవ్. ఇగ బంద్ చెయ్."

"తెలంగాణ ఇస్తమని ఢిల్లీల చెప్పిన్రు గద అబ్బా. నువ్వింకా గీ డేరాల ఎందుకు కూసున్నవ్?"

"లేస్తే మళ్ల మొదటికే వస్తది!"

"నా కీళ్లవాతం జ్వరం గూడ గంతే. పోయినసారి గుండెను తాకింది. మళ్లొస్తే గుండె ఖరాబైతది. మందు ఒంట్ల ఉన్నన్ని దినాలే కాపలా. అది అయిపోకముందే ఇంకోటి పడాలె."

కరీం మెడలోని పూలదండ సవరించుకున్నాడు.

"పో బిడ్డా. ఏయించుకొని ఇటే రా. నా పక్కన కూసో."

"సూది పడ్డంక కూసునుడు నాతోని గాదు అబ్బా," నాహీద్ నవ్వింది. "నిలబడే నినాదాలిస్త."