బీరువాలో కార్డు

"బీరువా తాళం ఇవ్వమ్మా!" చక్రి చెయ్యి చాపాడు.

"సచ్చినా ఇవ్వను." కామమ్మ కొంగున ఉన్న తాళంచెవికి ఇంకో ముడేసింది.

అండమాన్‌లోని గరాచర్మలో ఆ ఇంట్లో పొద్దున్నుంచీ ఇదే గొడవ. బీరువాలో దాచింది పట్టుచీర కాదు, ఇంటి పట్టా కాదు. చక్రి తన జీతం డబ్బుతో కొనుక్కున్న గ్రాఫిక్స్ కార్డు. అది బిగిస్తేనే వాడి కంప్యూటర్లో పెద్ద గేములు నడుస్తాయి. సాయంత్రం టోర్నమెంటు. ఇవాళ కూడా ఆడకపోతే టీములోంచి తీసేస్తామని స్నేహితులు తేల్చి చెప్పేశారు.

"శుక్రవారం గంగమ్మ పటం ముందు పెట్టి ఇచ్చేస్తానన్నావు కదమ్మా! బొట్టు పెట్టావు, కొబ్బరికాయ కొట్టావు, తీసుకెళ్ళి లోపల దాచేశావు. అదేమన్నా దేవుడి సొమ్మా?"

"ఆ శుక్రవారమే కదరా దాని రేటు పెరిగింది! పెరిగే వస్తువుని ఎవుడైనా వాడుకుంటాడేటి? అరిగిపోదూ?"

"అరే యార్! అది అరిగేది కాదమ్మా!"

"నీకేటి తెలుసు? మొన్న గవరమ్మొదిన వచ్చి చూసి, ఎన్ని తులాలుంటాదని అడిగింది. ఆవిడికున్న తెలివి నీకు నేదు."

నవ్వాలో ఏడవాలో తెలీక చక్రి తండ్రి వైపు చూశాడు. జోగులు చేపల వేటకెళ్ళే మనిషి. సముద్రం బాగోలేదంటూ వారంగా వరండాలో మంచం దిగడం లేదు. సముద్రం చూస్తే చక్కగా నిమ్మళంగా ఉంది. చేపల ధర తప్ప మరో ధర తెలియని ఆ మహానుభావుడు ఇప్పుడు కళ్ళు తెరవగానే కంప్యూటర్ షాపు వాసుదేవ్‌కి ఫోన్ కొడుతున్నాడు.

"వాసుదేవ్ భయ్యా, ఆజ్ కా రేట్ క్యా హై?" అని అడిగి, అవతలి మాట విని, మంచం మీద ఎగిరి కూర్చున్నాడు. "మళ్ళీ పెరిగిందొలే! ఏఐ కంపెనీలోళ్ళు ఉన్నదంతా ఊడ్చుకుపోతన్నారంట. వచ్చే షిప్పులో సరుకే నేదంట!"

ఊరికి కరువొస్తే వీళ్ళకి పండగ!

"విన్నావా?" అంది కామమ్మ కొడుకుతో, ఆ రేటు తనే పెంచినట్టు.

చక్రికి ఒళ్ళు మండిపోయింది. "పోనీలే. టీమూ వద్దు, నీ అన్నమూ వద్దు" అని గోడకి జారగిలబడ్డాడు. మీసాలొచ్చిన మగాడికి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి.

కామమ్మ ఎంత గడుసుదైనా తల్లే కదా. బిడ్డ అన్నం వద్దంటే మనసు ఒప్పలేదు. "తీసుకుపో నీ దిక్కుమాలిన కార్డు!" అని తిట్టుకుంటూ ముడి విప్పి, తాళం తీసి, బీరువా తలుపు లాగింది.

ఒక్క డబ్బా పెట్టిన చోట నాలుగున్నాయి.

"ఇయ్యెక్కడియి?" అంది గుండె మీద చెయ్యేసుకుని.

జోగులు మీసం దువ్వాడు. "నానే కొన్నాను. మొన్నటి షిప్పులో వచ్చిన ఆఖరి సరుకు. నువ్వు తానానికెళ్ళినప్పుడు తాళం తీసి పెట్టేసేను. ఒక్కటి ఉంటేనే ఇంత పెరిగితే, నాలుగుంటే ఎంత పెరుగుతాదో నువ్వే సెప్పు!"

కామమ్మ మొహం చేటంతయింది. ఒక డబ్బా కొడుకు చేతిలో పెట్టింది. చక్రి గంతేసి అక్కడే సీలు చింపేశాడు. మిగిలిన మూడింటినీ ఆవిడ చీరల కింద పదిలంగా సర్ది, తాళమేసి, మొగుడి వైపు మురిపెంగా చూసింది.

"మా మావ బుర్రే బుర్ర! రేపు మాత్రం బేగి లెగిసి వేటకెళ్ళు. వారమైంది ఇంట్లో చేప ముక్క వండి."

జోగులు తల గోక్కున్నాడు.

"దేని మీద ఎళ్ళమంటావే? మన బోటు ఆ మూడు డబ్బాల్లోనే ఉంది."