ఎత్తు బెల్లం

ధనలక్ష్మి ఆ మంగళవారం అమ్మవారికి దండం పెట్టలేదు.

కొట్టు తలుపు తెరిస్తే చాలు, ఎదురుగా గుడి గోపురం కనిపిస్తుంది. రోజూ అయితే రెండు చేతులూ వాటంతటవే లేచేవి. ఇవాళ మాత్రం గోపురానికి వీపు తిప్పి కూర్చుంది. అలా తిరిగి కూర్చుని కొబ్బరికాయలు, బెల్లం అమ్మడం కుదరదని కాసేపటికే తెలిసింది. ఇటు తిరిగింది గానీ తల ఎత్తలేదు.

ముందురోజు వనపర్తి నుంచి అల్లుడు శివ ఫోన్ చేశాడు. కూతురు మానసకు ఈసారీ కడుపు నిలవలేదు. ఇది మూడోసారి.

గద్వాల చుట్టుపక్కల జనమంతా ధనలక్ష్మి దగ్గరే కొబ్బరికాయ కొని, లోపలికి వెళ్లి, ఏదో ఒకటి అడిగి సాధించుకుపోతారు. ఏళ్ల తరబడి చూస్తోంది. గుడి వాకిట్లోనే కూర్చుని మొరపెట్టుకునేదాని మాట మాత్రం ఆ తల్లి చెవిన పడలేదు. ధనలక్ష్మికి ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది.

“పెద్దమ్మా, బెల్లం కావాలె. ఎత్తు మొక్కున్నది.”

పాతికేళ్ల పిల్ల. పేరు ఉమ అట, లింగాల నుంచి వచ్చారట. చంకలో ఏడాది పాప. బొద్దుగా, ముద్దుగా ఉంది. తల్లి మెడలోని పసుపుతాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. వెనకాల భర్త హన్మంతు రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ గుడి దగ్గర ఎత్తు మొక్కులు కొత్త కాదు. పిల్లలకు ప్రాణం మీదికి వస్తే, వాళ్ల బరువుకు సరితూగే బెల్లం ఇస్తామని అమ్మవారికి మొక్కుకుంటారు. గండం గడిచాక వచ్చి తీర్చుకుంటారు.

ధనలక్ష్మి పాపవైపు చూసింది.

“పానం బాగలేకుండెనా?”

“పట్నం దవాఖానల శాన దినాలున్నం పెద్దమ్మా. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. ఆడ్నుంచే ఈ తల్లికి మొక్కిన.”

“నీ మాట ఇన్నది.” ధనలక్ష్మి గొంతు కటువుగా వచ్చింది. “నా బిడ్డ మాటనే ఇనలే.”

ఉమ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మొక్కు తీర్చుకునేటప్పుడు ఏడ్చేవాళ్లను ధనలక్ష్మి చాలామందినే చూసింది. ఇవాళ చూడబుద్ధి కాలేదు.

“నువ్వు గూడ లోపలికి రాయ్యా,” అంది ఉమ భర్తతో.

“నేను రాను. నువ్వు పోయిరా.” అతను ఇటు తిరగను కూడా లేదు.

ధనలక్ష్మికి చిర్రెత్తుకొచ్చింది. “ఏందయ్యా, దండం పెట్టనీకె చేతులు వస్తలేవా? మా ఇంట్ల గిట్లాంటి పిల్ల ఆడితే నేను మోకాళ్ల మీద పోయి మొక్కుతుంటి.”

హన్మంతు ఆమెవైపు చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

“ఆయన్ని ఏమనకు పెద్దమ్మా. మొక్కింది నేను, నేనే ఇస్త. ఇస్తనన్నంక ఇయ్యాలె గద.”

బెల్లం ఖర్చుకే ఇంత రోషమా అనుకుంది ధనలక్ష్మి. కాంటా ముందుకు లాగింది. “సరే, పిల్లను కూసోబెట్టు.”

“వద్దు పెద్దమ్మా. పద్నాలుగు కిలోలియ్యి.”

“గట్లెట్ల? అమ్మోరి దగ్గర అందాజ లెక్కలు నడువయి.”

ఉమ వద్దంటున్నా వినకుండా పాపను తనే అందుకుంది. వెచ్చని ఒళ్లు చేతులకు తగిలింది. కాంటాలో కూర్చోబెట్టాక కూడా చేతులు వెంటనే వదలబుద్ధి కాలేదు. నా మానస ఒళ్లో ఇట్లాంటిదాన్ని ఎప్పుడు పెడతావు తల్లీ అనుకుంది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. పాప కాంటా గొలుసు పట్టుకుని కిలకిలా నవ్వుతోంది.

రెండో తట్టలో కిలో చొప్పున బెల్లం ముద్దలు పేర్చింది. తట్టలు సమంగా నిలిచాయి.

“తొమ్మిది కిలోలే.” ధనలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “దీని ఎత్తు గింతే బిడ్డా. పద్నాలుగు ఎందుకు?”

ఉమ పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుంది.

“ఇది దీని మొక్కు కాదు పెద్దమ్మా, దీని అన్న మొక్కు, మొక్కిననాడు వాడు పద్నాలుగు కిలోలుండె, మట్టిల పెట్టిననాడు ఎంతుండెనో నేను తూచలే.”