సంచికి కాపలా

మాత్రని గోటితో రెండు ముక్కలు చేసి, చిన్న ముక్కని నాలుక చివర పెట్టుకుంది అక్క. చేదు లేదు, వగరు లేదు. సుద్దముక్క నాకినట్టుంది.

"పిండి," అంది. "వట్టి పిండి. మనల్ని వెర్రివాళ్ళని చేస్తున్నార్రా."

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న తమ్ముడు ఉలకలేదు, పలకలేదు. ఎనిమిది నెలలుగా అదే గోడ, అదే వీపు. ఒకప్పుడు వర్క్‌షాపులో ఇంజను మోత విని రోగం చెప్పేవాడు. ఇంట్లో ఉంటే నోరు మూతపడేది కాదు. ఆ పాడు జ్వరం పోతూపోతూ వాడి మాట కూడా పట్టుకుపోయింది.

"మెదడులో కాపలా కణాలుంటాయమ్మా," అని మొదటిరోజే ఆసుపత్రిలో చెప్పాడు డాక్టరు. "జ్వరం వస్తే కర్రలు పట్టుకుని లేస్తాయి. దొంగ పారిపోయాక మళ్ళీ పడుకోవాలి. కొందరిలో పడుకోవు. ఇంట్లోవాళ్ళనే దొంగలనుకుని బాదుతూ ఉంటాయి. మీ తమ్ముడి రక్తంలో వాపు గుర్తులు బాగా కనిపిస్తున్నాయి. ఈ దిగులు దానివల్లే కావచ్చు."

ఆ 'కావచ్చు' అక్కకి నచ్చలేదు. తర్వాత చెప్పింది అసలే నచ్చలేదు. ఆ కణాల్ని జోకొట్టే కొత్త మాత్రని పరీక్షిస్తున్నారట. చేరినవాళ్ళలో సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. సీసా మీద నెంబరే ఉంటుంది. ఎవరి సీసాలో ఏముందో డాక్టరుకీ తెలీదు, నర్సుకీ తెలీదు. గుణం కనిపించడానికి రెండు నెలలు పట్టొచ్చట.

ఎవరికీ తెలీకుండా ఎలా ఉంటుంది? పన్నెండేళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న అక్క, కొలతలు తెలీకుండా చొక్కా కుట్టినవాణ్ణి ఎక్కడా చూడలేదు. నర్సుకి తెలుసు. నచ్చిన మొహాలకి మందు, నచ్చని మొహాలకి పిండి.

రెండో నెల సీసా కోసం వెళ్ళిన రోజు ఆ అనుమానం గట్టిపడింది. పోయిన నెల కొయ్యబొమ్మలా కూర్చున్న ఒకమ్మాయి, ఈసారి హాల్లో చేపల తొట్టి ముందు నిలబడి నవ్వుతోంది. ఆ పిల్ల తల్లి, గళ్ళ సంచి ఆవిడ, అక్క పక్కనే కూర్చుంది.

"మీ అమ్మాయి బాగా తేరుకుంది పిన్నీ."

"ఎక్కడ తల్లీ! నలుగురిలో ఇలా ఉంటుంది, ఇంటికెళ్తే మళ్ళీ దుప్పటి ముసుగే. మీవాడే నయం. పోయినసారి చెయ్యి పట్టుకు నడిపించావు, ఇవాళ వాడే నడిచొచ్చాడు."

మందు దొరికినవాళ్ళకి ఎన్ని కబుర్లో అనుకుంది అక్క.

నర్సు ఒక్కో సీసా తెరిచి, ముప్పై మాత్రలూ పళ్ళెంలో పోసి లెక్కచూసి, మళ్ళీ నింపి ఇచ్చింది. తర్వాత రక్తం తీసే గదికి ఒక్కొక్కరినే పిలిచారు. రోగితో ఒకరు వెళ్ళొచ్చు, సంచులు మాత్రం తీసుకెళ్ళకూడదు.

"ఇక్కడ పెట్టి వెళ్ళు తల్లీ, నేను చూస్తాలే," అంది గళ్ళ సంచి ఆవిడ.

అక్క తటపటాయించింది.

"అందులో ఏమున్నాయమ్మా, వజ్రాలా?"

అక్క డబ్బుల పర్సు తీసి గుప్పిట్లో పెట్టుకుని, సంచి వదిలి తమ్ముడితో వెళ్ళింది. తిరిగొచ్చాక మొహమాటం లేకుండా వెతుక్కుంది. తాళాలున్నాయి, నీళ్ళ సీసా ఉంది, మందు సీసా ఉంది.

"అన్నీ ఉన్నాయా?" అంది ఆవిడ నవ్వుతూ. అక్కకి కాస్త సిగ్గేసింది.

"ఇప్పుడు నా సంచికి నువ్వు కాపలా," అని ఆవిడ కూతుర్ని తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సిగ్గు నిమిషం కూడా నిలవలేదు. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు అవి. ఒడిలో చేతిరుమాలు పరిచి, తమ ముప్పై మాత్రలూ అందులో పోసి, వాళ్ళ ముప్పై తమ్ముడి సీసాలోకి, రుమాల్లోవి వాళ్ళ సీసాలోకి. నెంబర్లు నెంబర్ల చోటే ఉన్నాయి. తమ్ముడు చూస్తున్నాడో లేదో కూడా అక్క చూడలేదు.

మూడో వారంలో ఒక పొద్దున, వంటింట్లో ఉన్న అక్కకి మిషను చప్పుడు వినిపించింది.

"అక్కా, దీనికి నూనె పెట్టి ఎన్నాళ్ళయింది? పీక నొక్కినట్టు అరుస్తోంది!"

తమ్ముడు మిషను తలకాయ వెనక్కి వాల్చి, చేతికంతా మడ్డి పూసుకుని కూర్చున్నాడు. అక్క మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక, చేపల తొట్టి ముందున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ తర్వాత రోజూ గుర్తొచ్చింది.

మూడో నెల గళ్ళ సంచి ఆవిడ ఒక్కతే వచ్చింది.

"అమ్మాయేది పిన్నీ?"

"తిండి మానేసింది. నిన్న పై అంతస్తులో చేర్చారు." అంది ఆవిడ. "చేజేతులా చేసుకున్నాను."

అవతల తమ్ముడు కారుతున్న నీళ్ళ కుళాయి బిగిస్తూ, ఆయాతో ఏదో హాస్యమాడుతున్నాడు. ఆవిడ చూపు వాడి మీదే అతుక్కుపోయింది. తెలిసిపోయింది, అనుకుంది అక్క. ఎవరు చెప్పారు? నర్సా? మాత్రల్లో ఏదైనా తేడా కనిపించిందా?

"మీవాడు బాగున్నాడు. బాగుండనీ," అంది ఆవిడ.

ఆ మాటతో అక్క నిబ్బరం కాస్తా పోయింది.

"నన్ను చెప్పుతో కొట్టు పిన్నీ. పోయిన నెల మీరు లోపలికెళ్ళినప్పుడు మీ మాత్రలు మావాడి సీసాలో పోసుకున్నాను. మావి మీ సీసాలో పోశాను. డాక్టరు దగ్గరికి పద, నా నోటితో నేనే చెప్తాను."

ఆవిడ చెయ్యెత్తలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే, నవ్వడం మొదలుపెట్టింది.

"నీ సంచికి కాపలా కూర్చున్నప్పుడు, నీకంటే ముందే నేను మార్చాను తల్లీ."